అప్‌డేట్: ఉద్యోగం మానలేదు, పానగల్లు నీడ గీస్తున్నా

నాలుగు నెలల కింద అడిగాను కదా, నల్గొండలో అకౌంట్స్ పని మానేసి పూర్తిగా బొమ్మలే వేసుకోవాలా అని. ‘ఉద్యోగం మానకు, ఒకే దాన్ని మళ్లీ మళ్లీ గియ్యి, ఎవరికీ చూపించకు’ అన్నారొకరు. అప్పుడు చాలా కోపమొచ్చింది.

అయినా ప్రతి ఆదివారం పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి పోయి, గర్భగుడిలో పగలంతా కదలకుండా పడే ఆ నీడనే బొగ్గుతో గీశాను, పదిహేడు సార్లు. మొదట్లో నల్లగా పులిమేసేదాన్ని, పన్నెండోసారికి గానీ తెలియలేదు, దాని అంచు గీతలా ఉండదని, వేలితో మెల్లగా అద్ది వదిలేయాలని. నెలనెలా జీతం వస్తోంది కాబట్టి అమ్ముడుపోతుందా అన్న టెన్షన్ లేదు. సలహా ఇచ్చిన అన్నా, చాలా థాంక్స్. ఈ ఆదివారం కూడా పోతున్నా.