1909 నంబర్‌లో డీఎన్‌డీ (ప్రచార కాల్స్ వద్దని నమోదు) పెట్టినా స్పామ్ కాల్స్ ఆగడం లేదు, ఏం చేయాలి?

మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. పొద్దున లేస్తే చాలు, నాన్న ఫోన్‌కి లోన్ కావాలా, ప్లాట్ కావాలా అని కాల్స్. 1909లో డీఎన్‌డీ పెట్టించాం. 140తో మొదలయ్యే ప్రచార నంబర్ల నుంచి తగ్గాయి గానీ, మామూలు పది అంకెల నంబర్ల నుంచి వస్తూనే ఉన్నాయి. తెలియని నంబర్లన్నీ ఆపేద్దామంటే కుదరదు. ఇది వడ్లు అమ్మే టైం. రైస్ మిల్లు నుంచో, లారీ డ్రైవర్ నుంచో ఎప్పుడు ఫోన్ వస్తుందో చెప్పలేం. ఆ ఒక్క కాల్ ఎత్తకపోతే లారీ ఇంకో కల్లానికి పోతుంది.

నాన్నది బటన్ ఫోన్, యాప్‌లు పడవు. దాంట్లోంచే 1909కి మెసేజ్‌తో ఫిర్యాదు ఎలా చేయాలి? ఏమేం వివరాలు రాయాలి? అలా చేసినవాళ్లకి కాల్స్ నిజంగా తగ్గాయా? నాన్న విసుగొచ్చి ఫోన్ ఎత్తడమే మానేస్తున్నారు, నాకు అదే టెన్షన్. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.