అమ్మ తణుకు నుంచి నాటుకోళ్ళు తెస్తానంటోంది. బర్డ్ ఫ్లూకి భయపడాలా?

శ్రీలత, మారతహళ్ళి:
మాది తణుకు దగ్గర పల్లెటూరు, ఉండేది బెంగళూరులో. వచ్చే వారం అమ్మ వస్తోంది. ఎప్పటిలాగే రెండు నాటుకోళ్ళు బుట్టలో పెట్టుకుని బస్సెక్కుతుందట. వాళ్ళ వీధిలో కోళ్ళు చచ్చిపోతున్నాయి, "కొక్కెర తెగులేలే, ఏటా వచ్చేదే" అంటోంది. ఇక్కడ అపార్ట్‌మెంట్ గ్రూపులో గుడ్లు కూడా మానేయమని ఒకటే గోల. మా ఆయనేమో "2006 నుంచీ వింటున్నాం, మనుషులకి ఎవరికైనా వచ్చిందా?" అంటారు. ఎవరి మాట వినాలి?

రమణ, బొమ్మనహళ్ళి:
మీ ఆయన మాటే కరెక్ట్. బాగా ఉడికిస్తే ఏ వైరసూ బతకదు. రేటు పడిందంటే మేం ఇంకో కిలో ఎక్కువ తెచ్చుకుంటాం.

హెబ్బాళ పశువైద్యుడు:
మాది తాడేపల్లిగూడెం. కోళ్ళ ఫారాల చుట్టూ తిరగడమే నా ఉద్యోగం. రమణ గారి మాట కూర వరకు నిజం. ముక్క లోపలిదాకా 70 డిగ్రీలు దాటితే వైరస్ చస్తుంది. గుడ్లు మానక్కర్లేదు, పచ్చసొన గట్టిపడేలా ఉడికించండి చాలు. అసలు ప్రమాదం కోసేచోట ఉంది. జబ్బు కోడిని కోసి, ఈకలు పీకి, పేగులు తీసేటప్పుడు తుంపరలు కళ్ళలో, ముక్కులో పడతాయి.

కొక్కెర తెగులా, బర్డ్ ఫ్లూనా అనేది చూసి చెప్పడం నావల్ల కూడా కాదు. 2025 ఫిబ్రవరిలో మీ పక్కనే వేల్పూరులో, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో భోపాల్‌లోని పశువ్యాధుల ల్యాబ్ రిపోర్టు వచ్చాకే హెచ్5ఎన్1, అంటే బర్డ్ ఫ్లూ వైరస్ అని ఖాయమైంది.

మనుషులకీ వచ్చిందండీ. 2021లో ఢిల్లీలో ఒక అబ్బాయి, 2025 మార్చిలో నరసరావుపేట రెండేళ్ళ పాప చనిపోయారు. పాప పచ్చి చికెన్ ముక్క తిందని వార్తల్లో వచ్చింది. ప్రపంచం మొత్తం మీద 2003 నుంచి నమోదైన కేసులు 900 పైచిలుకు, వాళ్ళలో సగానికి దగ్గరగా పోయారు. స్వల్పంగా వచ్చి తగ్గినవి లెక్కలోకి రావు కాబట్టి అసలు శాతం అంత ఉండకపోవచ్చు.

ఇంతమందికి వచ్చినా ఊళ్ళకి ఊళ్ళు ఎందుకు అంటుకోలేదంటే, ఈ వైరస్ కణంలోకి దూరడానికి పట్టుకునే కొక్కేల్లాంటివి, రిసెప్టర్లు అంటారు, మనకి కళ్ళలో, ఊపిరితిత్తుల లోతుల్లో ఉన్నాయి. ముక్కు, గొంతులో తక్కువ. అందుకే దగ్గితే పక్కవాడికి తేలిగ్గా అంటదు. ఇప్పటికైతే అంతే. దీని జన్యువులు ఎనిమిది ముక్కలు. ఒకే కణంలోకి రెండు రకాల ఫ్లూ వైరస్‌లు దూరితే పేకముక్కలు కలిసినట్టు కలిసిపోయి కొత్త రకం పుడుతుంది. 1957, 1968లో ప్రపంచాన్ని చుట్టేసిన ఫ్లూలు అలా పక్షుల ముక్కలు కలిసి పుట్టినవే.

శ్రీలత గారూ, మీ ఆయన 2006లో విన్న వైరస్ కూడా ఇప్పుడు అలాగే లేదు. 1996లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో పెద్దబాతుల్లో దొరికింది, మరుసటేడు హాంగ్‌కాంగ్‌లో 18 మందికి సోకి ఆరుగురిని తీసుకుపోయింది. ఇప్పుడు తిరుగుతున్న దాని వారసుడు వలస పక్షుల మీద ఖండాలు దాటేసి, అర్జెంటీనా తీరంలో సీల్ అనే సముద్ర జంతువుల పిల్లల్ని వేలల్లో చంపింది. 2024లో అమెరికాలో పాడి ఆవుల పొదుగుల్లోకి చేరింది, పాలు పితికేవాళ్ళకి కళ్ళు ఎర్రబడ్డాయి. ఆవుకి ఫ్లూ వస్తుందని మా కాలేజీలో ఎవరూ చెప్పలేదు. నా టెన్షన్ అంతా ఈ ఆవులు, సీల్‌లు లాంటి క్షీరదాల గురించే. వాటిలో తిరిగినకొద్దీ మన ఒంటికి అలవాటుపడే అవకాశాలు పెరుగుతాయి.

శ్రీలత, మారతహళ్ళి:
అమ్మో. మా పాప కింద తిరిగే పిల్లికి చికెన్ షాపు నుంచి పచ్చి ముక్కలు తెచ్చి పెడుతుంది. పాల సంగతేంటి?

హెబ్బాళ పశువైద్యుడు:
పాలు మనం కాచుకునే తాగుతాం, ఫర్వాలేదు. పిల్లికి మాత్రం ఉడికించే పెట్టండి. పోలండ్‌లో 2023లో పెంపుడు పిల్లులు చాలా చచ్చిపోయాయి. మన నాగపూర్ గోరెవాడ జంతు సంరక్షణ కేంద్రంలో మూడు పులులు, ఒక చిరుత పోయింది కూడా దీనితోనే.

అమ్మగారిని కోళ్ళు తేవొద్దనండి. ఒంట్లో బాగున్నట్టు కనిపించే కోడి కూడా వైరస్ మోసుకురావచ్చు, బస్సులో పక్కన ఎవరుంటారో తెలీదు. చచ్చినవాటిని చేత్తో ముట్టుకోకుండా పశువుల ఆసుపత్రిలో చెప్పమనండి.

శ్రీలత, మారతహళ్ళి:
ఇప్పుడే ఫోన్ చేశా. కోళ్ళ బదులు పూతరేకులు తెస్తానంది. ఆసుపత్రిలో చెప్పడానికి మాత్రం ఒప్పుకోవట్లేదు. "చెబితే ఊళ్ళో కోళ్ళన్నీ చంపేస్తారు, అందరూ నన్నే తిట్టుకుంటారు" అంటోంది.

హెబ్బాళ పశువైద్యుడు:
ఆవిడ భయం నిజమే. వైరస్ తేలితే చుట్టూ కిలోమీటరు వరకు కోళ్ళని చంపుతారు. సర్కారు చంపిన కోడికి పరిహారం ఉంటుంది, అంతకుముందే చచ్చినదానికి ఉండదు. అందుకే కొందరు రాత్రికి రాత్రి కాలవలో పడేస్తారు. నేను తప్పుపట్టను గానీ, ఆ కాలవలోనే బాతులు, కుక్కలు, పిల్లలు దిగుతారు. ఊరి పేరుతో ఇక్కడే నాకు మెసేజ్ పెట్టండి. అక్కడి పశువుల డాక్టరుతో నేనే మాట్లాడతాను, అమ్మగారి పేరు రాదు.