నాలుగేళ్ల పిల్లలతో చేతిపనులు: పని సాగుతోంది, మాట పెరగడం లేదు

వానచినుకు:
మా అబ్బాయికి నాలుగేళ్లు నిండాయి. మనం చెప్పినదంతా అర్థం చేసుకుంటాడు గానీ, రెండు మూడు మాటలకు మించి పలకడు. కాగితాలు, జిగురు, మట్టి ముందేసుకుని రోజూ ఇద్దరం కూర్చుంటున్నాము. "ఇది ఏ రంగు? ఇవి ఎన్ని?" అని నేను అడగడం, వాడు ఒక్క మాటలో జవాబిచ్చి ఊరుకోవడం, అంతటితో సరి. మీరు ఏ విధంగా చేశారో దయచేసి చెప్పండి.

పాలపిట్ట:
నేను మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు బోధిస్తాను. ఆ ప్రశ్నలకు జవాబు మీకు ముందే తెలుసునని వాడికీ తెలుసు, కనుక అది వాడికి పరీక్షే. ప్రశ్నలు తగ్గించి, మీ చేతులు చేస్తున్న పనినే మాటల్లో చెప్పండి: "అంచు మడుస్తున్నాను, గోటితో ఒత్తుతున్నాను." ఆ తరువాత, మనసులో పది లెక్కపెట్టేంత సేపు ఊరుకోండి, ఇది పెద్దవాళ్లకు ఎంత కష్టమో నాకు తెలుసు, నాకు ఇప్పటికీ కష్టమే. వాడు "పడవ నీళ్లు" అంటే తప్పు పట్టకుండా, "అవును, పడవ నీళ్లలో మునిగింది" అని నిండు వాక్యంగా తిరిగి అనండి. వాడిని మళ్లీ అనమని మాత్రం అడగవద్దు.

గోరింట:
బొమ్మల పుస్తకాల వల్ల మా పాపకు వస్తువుల పేర్లు వచ్చాయి గానీ క్రియలు రాలేదు. తడపడం, పిసకడం, చిదమడం, నలపడం వేరువేరు పనులని మట్టి కలుపుతూ చేతికి తెలిసిన తరువాతే అవి నోటికి వచ్చాయి. ఒకరోజు నేను దాచుకున్న రంగు కాగితం రెండు ముక్కలై కనిపించింది. "చిరిగింది" అన్నది. ఎలా చిరిగిందని అడిగితే కాసేపు ఆలోచించి, "నేను కొంచెమే చింపాను, మిగతాది అదే చిరిగింది" అన్నది. కాగితం పోతే పోయిందని, ఆ వాక్యానికి మురిసిపోయాను.

పాలపిట్ట:
ఎంత సాయం చేయాలన్నది వయసును బట్టి ఉంటుంది. 1976లో డేవిడ్ వుడ్, జెరోమ్ బ్రూనర్, గెయిల్ రాస్ ప్రచురించిన పరిశోధనలో పిల్లల చేత 21 చెక్క ముక్కలతో పిరమిడ్ కట్టించారు. మూడేళ్లవారికి ఎక్కువగా చేసి చూపవలసి వచ్చింది, నాలుగేళ్లవారిని ఎక్కువగా మాటతోనే నడిపించగలిగారు. కనుక మీ అబ్బాయి పనిని మీరు అందుకుని పూర్తి చేయకండి.

చెకుముకి:
జిగురు సీసా మూత గట్టిగా బిగించి ఇస్తే, తీయమని అడగక తప్పదు. అతిగా చేయవద్దు, మా వాడు ఒకసారి సీసానే విసిరికొట్టాడు. ముందుగా వినికిడి పరీక్ష చేయించడం కూడా మంచిది.

వానచినుకు:
వినికిడి పరీక్ష చేయించాము, లోపమేమీ లేదన్నారు. నిన్న పడవ సగం మడిచి, ఇరవై లెక్కపెట్టేదాకా ఊరుకున్నాను. "అమ్మా, నువ్వు మడవడం లేదు, నేను మడుస్తా, నువ్వు పట్టుకో" అన్నాడు. బయటివారు వస్తే మాత్రం ఇంకా పెదవి విప్పడం లేదు. వారిని కూడా పనిలో కూర్చోబెట్టి చూసినవారెవరైనా ఉన్నారా?