జెమైమా బూన్ తండ్రి ఎవరు? వంశవృక్షంలో గీత ఎక్కడి నుంచి గీయాలి?

పాతకాగితం:
అమెరికాలోని కెంటకీ సరిహద్దులో తొలినాళ్ళలో స్థిరపడిన కుటుంబాల వంశవృక్షాలను తెలుగులో రాసి పెట్టుకుంటున్నాను. అక్కడి పేరుమోసిన దారితీతగాడు డేనియల్ బూన్, రెబెకా బ్రయాన్ దంపతుల పదిమంది సంతానంలో తొమ్మిది పేర్లు ఇబ్బంది లేకుండా కుదిరాయి గాని, నాలుగో బిడ్డ జెమైమా దగ్గర కలం ఆగిపోయింది. ఈమె 1762 అక్టోబరు 4న పుట్టింది. 1776 జులైలో బూన్స్‌బరో కోట దగ్గర నదిలో పడవపై ఉండగా, పొరుగు క్యాలవే కుటుంబపు ఆడపిల్లలిద్దరితో పాటు షానీ, చెరోకీ ఆదివాసీ తెగల యోధులు ఎత్తుకుపోతే, డేనియల్ వెంటాడి మూడో రోజున విడిపించి తెచ్చుకున్న పిల్ల ఈమే. అయితే డేనియల్ చాలాకాలం ఇంట లేనప్పుడు ఈమె కడుపున పడిందనీ, అసలు తండ్రి అతని తమ్ముడు ఎడ్వర్డ్ అనీ, తిరిగివచ్చిన డేనియల్ బిడ్డ ఇంటి రక్తమే కదా అని సమాధానపడ్డాడనీ ఒక కథ పూర్వం నుంచి వినవస్తోంది. ఆమెను డేనియల్ కుమార్తె అని నిస్సంకోచంగా రాయవచ్చునా?

యాడ్కిన్ ఒడ్డు:
రాయవచ్చును. ఆ కథ మన దాకా ఎలా వచ్చిందో చూడండి. లైమన్ డ్రేపర్ అనే సేకరణకర్త 19వ శతాబ్దంలో సరిహద్దు కుటుంబాల వృద్ధులను, వారి సంతతిని అడిగి రాసుకున్న మాటలు ఇప్పుడు విస్కాన్సిన్ చరిత్ర సంఘంలో ఉన్నాయి. బూన్ కడపటి కుమారుడు నేథన్‌ను ఆయన కలిసింది 1851లో. నేథన్ పుట్టినదే 1781లో. అంటే అక్క పుట్టుకను గురించి ఆయన ఏమి చెప్పినా, చెప్పకపోయినా అది విన్న మాటే అవుతుంది. పైగా ఆ తమ్ముడెవరన్న విషయంలోనే కథకులకు పొత్తు కుదరలేదు. కొందరు ఎడ్వర్డ్ అన్నారు, కొందరు స్క్వైర్ అన్నారు. 1744లో పుట్టిన స్క్వైర్‌కు అప్పటికి పదిహేడేళ్ళు.

లెక్క కూడా వేద్దాం. అక్టోబరు 4 నుంచి వెనక్కి లెక్కిస్తే గర్భం నిలిచింది 1762 జనవరి రెండో వారం ప్రాంతంలో. డేనియల్ ఇంట లేకపోవడానికి కారణంగా చెప్పే చెరోకీల యుద్ధం 1761 చివరికే సంధులతో ముగిసింది. యుద్ధానికి వెళ్ళి తిరిగిరాలేదన్న సాకు జనవరికి అతకదు.

గుమ్మం బయట:
యుద్ధం అతకకపోతే వేట అతుకుతుంది. ఆ కాలపు దూరవేటగాళ్ళు శరత్కాలంలో కొండలు దాటి, బొచ్చుతోళ్ళు మంచి పాకాన ఉండే చలికాలమంతా అడవిలో గడిపి, వసంతంలో ఇల్లు చేరేవారు. జనవరిలో డేనియల్ ఇంట లేడంటే వింతేమీ కాదు, ఉన్నాడంటేనే ఆధారం చూపవలసి వస్తుంది.

ఇక ఎడ్వర్డ్ తండ్రి అని ఏ పత్రంలోనూ లేదు కదా అని ఎవరైనా అనవచ్చు; ఆ మౌనాన్ని డేనియల్ పక్షాన సాక్ష్యంగా వాడుకోవడం తగదు. ఆ మౌనానికి వేరే కారణం ఉంది. డేనియల్ 1734లో పెన్సిల్వేనియాలో క్వేకర్లనే క్రైస్తవ శాఖవారి ఇంట పుట్టాడు గనుక అతని తరం పుట్టిన తేదీలను రాసిపెట్టిన వారున్నారు. పెద్దకొడుకు ఇజ్రాయెల్ తమ శాఖకు బయట పెళ్ళి చేసుకున్నా సమర్థించినందుకు తండ్రి స్క్వైర్‌ను 1748లో ఆ సమాజం వెలివేసింది; రెండేళ్ళకు కుటుంబం ఉత్తర కరొలైనా దారి పట్టింది. ఆ తరువాత పుట్టిన మనుమలకు రాసేవారు లేకపోయారు. ఉత్తర కరొలైనాలో రాష్ట్రమంతటా జననాల నమోదు మొదలైనదే 1913లో. రాసే పద్ధతే లేని చోట ఫలానాది రాయలేదనడం వాదం కాజాలదు.

జెమైమా డేనియల్ ఇంట పెరిగింది కదా అన్నా అది కూడా చాలదు. ఇజ్రాయెల్ పోయాక అతని కొడుకులు జెస్సీ, జొనాథన్ కూడా డేనియల్ గడపలోనే పెరిగారు. (తండ్రి పేరూ స్క్వైరే, తమ్ముడి పేరూ స్క్వైరే, అన్న పేరు ఇజ్రాయెల్, కొడుకు పేరూ ఇజ్రాయెల్. ఈ కుటుంబపు పత్రాలను చదివేవారు తరం చూసుకోకుండా ఒక్క అడుగు వేయకూడదు.)

జన్యురేఖ:
డీఎన్‌ఏ పరీక్షతో తేలిపోదా అని ఎవరైనా అడిగేలోపే ఒక మాట. ఈ కేసును మించి జన్యుపరీక్షను ఓడించే కేసు దొరకడం కష్టం. తండ్రి నుంచి కొడుకుకు పోయే వై క్రోమోజోము జెమైమాకు ఉండదు. ఉన్నా అన్నదమ్ములిద్దరిదీ ఒకటే. తల్లి వైపు నుంచి వచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏ రెబెకాది, తండ్రి ఎవరైనా అది మారదు.

మిగిలిన క్రోమోజోముల దగ్గర అసలు చిక్కు వస్తుంది. ఎడ్వర్డ్ భార్య మార్థా రెబెకాకు స్వయానా చెల్లెలు. అక్కచెల్లెళ్ళే తోడికోడళ్ళు, అన్నదమ్ములే తోడల్లుళ్ళు. ఇంగ్లీషులో అంకుల్ అని ఊరుకున్న సంబంధం మన లెక్కలో రెండు వైపుల నుంచీ బాబాయే, పిన్నే. జెమైమా డేనియల్ కూతురైతే డేనియల్ మిగతా పిల్లలతో సగటున 50 శాతం, ఎడ్వర్డ్ పిల్లలతో 25 శాతం పంచుకుంటుంది. ఎడ్వర్డ్ కూతురైతే రెండు ఇళ్ళ పిల్లలతోనూ 37.5 శాతమే. ఆమె తరంలో ఈ తేడా చాలా పెద్దది, ఒక్క గొట్టం ఉమ్ముతో తేల్చవచ్చు. కాని ఆరు తరాలు దిగితే, రెండు శాఖల వారసుల మధ్య సగటు పంపకం తోబుట్టువుల లెక్కన 1/8192 అవుతుంది. అసలు ఒక్క ముక్క కూడా కలవని జంటలే ఎక్కువ. దానికి తోడు బూన్లు, బ్రయాన్లు, క్యాలవేలు తరతరాలుగా ఇచ్చిపుచ్చుకున్నారు. వందలమంది వారసుల నమూనాలు తీసి గణాంకంగా చూస్తే ఏదో ఒక వైపు మొగ్గు కనిపించవచ్చునేమో గాని, ఇద్దరు ముగ్గురి పరీక్షా ఫలితాలు తెచ్చి నిరూపించామనేవారి మాట నమ్మకండి.

రాతకోర్టు:
చట్టం ఈ ప్రశ్నను ఎప్పుడో మూసేసింది. వివాహబంధంలో పుట్టిన బిడ్డ భర్త బిడ్డే అన్నది ఆనాటి ఆంగ్ల న్యాయసూత్రం. ఆ కాలంలో తాము కలిసిలేమని భార్యాభర్తలు తామే వచ్చి చెప్పినా సాక్ష్యంగా చెల్లదని 1777లో ఇంగ్లండ్ న్యాయమూర్తి మాన్స్‌ఫీల్డ్ ప్రభువు తీర్పిచ్చాడు. డేనియల్ ఆమెను కూతురనే పెంచాడు. 1778లో అతను షానీల చెరలో ఉండగా, చనిపోయాడనుకొని రెబెకా పిల్లలతో ఉత్తర కరొలైనాకు వెళ్ళిపోతే, పెళ్ళయిన జెమైమా మాత్రం బూన్స్‌బరోలోనే ఉండిపోయింది.

నన్ను అసలు నిలవనీయనిది మరొకటి. ఈ కథను చెప్పినవారిలో చాలామంది డేనియల్ పెద్దమనసును చాటడానికే చెప్పారు. 1813లో కన్నుమూసిన రెబెకా మాటగా నమ్మదగిన ముక్క ఒక్కటీ మిగలలేదు. ఎడ్వర్డ్ 1780లోనే కెంటకీలో హతుడయ్యాడు. ఇద్దరు నిందితులకూ నోరులేని అభియోగం ఇది.

గుమ్మం బయట:
చట్టం చెప్పే తండ్రి వేరు, వంశశాస్త్రం వెతికే తండ్రి వేరు. వారసత్వానికైతే రాతకోర్టు గారి మాట చెల్లుతుంది. మన ప్రశ్న రక్తసంబంధం గురించి.

పాతకాగితం:
అందరికీ కృతజ్ఞతలు. గీత డేనియల్ నుంచే గీస్తున్నాను. కింద చిన్న అక్షరాలతో, కుటుంబంలో పెరిగిన తీరు, చట్టం ఆధారంగా మాత్రమే ఇలా రాశామనీ, జనన పత్రం లేదనీ, ఎడ్వర్డ్‌ను గురించిన కథ మౌఖికమనీ చేరుస్తున్నాను. ఎడ్వర్డ్ వైపు చుక్కల గీత పెట్టను. వంశవృక్షాలను నకలు చేసుకునేవారు కింది అక్షరాలు చదవరు, చుక్కలు మాత్రం రెండో నకలుకే నిండు గీత అవుతాయి.

గుమ్మం బయట:
ఆ భయమే నిజమైతే, ఇప్పుడు డేనియల్ నుంచి మీరు గీస్తున్న నిండు గీత కింద ఉన్న చిన్న అక్షరాలనూ ఎవరూ చదవరు. రెండు వైపులా చుక్కల గీతలే పెట్టమని నా అభ్యంతరాన్ని నమోదు చేసుకోండి.