లైసెన్సు లేని మా లంక రేడియోకి వికీపీడియాలో పేజీ పెట్టవచ్చా?

వికీపీడియాలో రాసే అలవాటున్నవాళ్లు ఈ సందేహం కాస్త తీర్చండి. మాది కోనసీమలో గోదావరి పాయల మధ్య ఒక లంక ఊరు. చాలా ఏళ్ల క్రితం మా ఊరి కుర్రాళ్లు చిన్న ట్రాన్స్‌మిటర్‌తో సొంత ఎఫ్.ఎం. నడిపారు. కొబ్బరి ధర, పంటు (ఏరు దాటించే పడవ) వేళలు, పెళ్లి కబుర్లు, మధ్యలో పాత పాటలు. చుట్టుపక్కల లంకల దాకానే వినిపించేది. 2006 ఆగస్టు వరదల్లో మాత్రం ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం ఎప్పటికప్పుడు చెప్పారు. అక్కడ మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులని ఇక్కడ పిల్లలకి కూడా తెలుసు. కానీ కరెంటు పోయాక నీరు ఎంత దాకా వచ్చిందో చెప్పేదెవరు? మాకు ఆ రేడియోనే దిక్కయింది.

లైసెన్సు లేదు, నిజమే. స్వచ్ఛంద సంస్థలకు కమ్యూనిటీ రేడియో అనుమతించే విధానం 2006 చివర్లో గానీ రాలేదు. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో సంఘం రేడియో అనుమతితో మొదలైంది 2008లో. ఈలోపే మావాళ్లు భయపడి ఆపేశారు.

లైసెన్సు లేకపోవడం పేజీకి అడ్డు కాదనుకుంటున్నా. బీహార్‌లో రాఘవ్ ఎఫ్.ఎం. అనే పల్లెటూరి రేడియోకీ లైసెన్సు లేదు, 2006లో మూయించారు. అయితే దాని గురించి పెద్ద పత్రికలే రాశాయి. మా చిక్కంతా అక్కడే. నా దగ్గరున్నది జిల్లా ఎడిషన్ కటింగు ఒకటి, తీర్థం (జాతర) సావనీరులో నాలుగు లైన్లు. సావనీరు వేసింది ఆ కుర్రాళ్ల చుట్టాలే, కాబట్టి అది స్వతంత్ర ఆధారం కాదేమో.

ఒక్క కటింగుతో విడి పేజీ నిలుస్తుందా, తీసేస్తారా? ఊరి పేజీలోనే ఒక పేరా రాయడం మేలా? విన్నవాళ్ల మాటలు రికార్డు చేస్తే ఆధారంగా చూపొచ్చా? నడిపినవాళ్లలో కొందరు ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నారు, వాళ్ల పేర్లు రాయకపోతే ఏమైనా ఇబ్బందా?