అజాథయోప్రిన్ (రోగనిరోధక శక్తిని అణిచే మాత్ర): 6-టీజీఎన్ (మందు ఒంట్లో మారాక పనిచేసే రూపం) తక్కువ, 6-ఎంఎంపీ (కాలేయానికి హానిచేసే రూపం) ఎక్కువ వచ్చింది. డోసు పెంచాలా?

గ్యాస్ట్రో_పీజీ:
అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగులో పుండ్ల జబ్బు) పేషెంటు, బరువు 60 కిలోలు. అజాథయోప్రిన్ రోజుకు 125 మి.గ్రా. మొదలుపెట్టి మూడు నెలలు దాటింది. ప్రెడ్నిసొలోన్ (స్టెరాయిడ్) 10 మి.గ్రా. కిందికి దించితే చాలు, మళ్లీ రక్తం పడుతోంది. ఎస్‌జీపీటీ (కాలేయ పరీక్ష) 28 ఉండేది, ఇప్పుడు 96. హెపటైటిస్ బి, సి నెగటివ్. తెల్లకణాలు 7,200. టీపీఎంటీ (ఈ మందుని ఒంట్లో మార్చే ఎంజైమ్) నార్మల్. మెటబొలైట్ రిపోర్టులో (మందు మారాక వచ్చే పదార్థాల లెక్క) 6-టీజీఎన్ 148, 6-ఎంఎంపీ 9,600 (8×10⁸ ఎర్రకణాలకు పికోమోల్‌లలో). కిలోకు 2.5 మి.గ్రా. దాకా వెళ్లొచ్చు కదా, 150 చేయమంటారా? బయలాజిక్ (ఖరీదైన ఇంజెక్షన్ మందు) ఖర్చు వీళ్లు భరించలేరు.

ఐబీడీ_క్లినిక్:
150 చేయకండి డాక్టర్ గారూ. 9,600ని 148తో భాగిస్తే దాదాపు 65. ఈ నిష్పత్తి 11 దాటితేనే మందు టీజీఎన్ బదులు ఎంఎంపీ వైపు పక్కదారి పట్టిందని అనుమానిస్తాం, కొందరు 20 తీసుకుంటారు. మీ పేషెంటుకి ఎలా చూసినా పక్కదారి పట్టినట్టే. టీపీఎంటీ నార్మల్ అన్నంత మాత్రాన ఇది ఉండదని కాదు, మామూలు ఎంజైమ్ ఉన్నవాళ్లలోనూ కనిపిస్తుంది. పేగుకి పనిచేసేది టీజీఎన్, అది 235–450 మధ్య ఉండాలి. 5,700 దాటిన ఎంఎంపీతో కాలేయానికి ముప్పు పెరుగుతుంది, మీ ఎస్‌జీపీటీ ఆ కథే చెబుతోంది. ఇప్పుడు డోసు పెంచితే పెరిగేది చాలావరకు ఎంఎంపీయే. మాత్రలు మానేస్తున్నాడేమో అన్న అనుమానం కూడా వదిలేయొచ్చు, మానేస్తే రెండూ తక్కువ వచ్చేవి.

డోసుని ఉదయం, రాత్రి రెండుగా విడగొడితే ఎంఎంపీ దిగుతుంది కానీ టీజీఎన్ పెద్దగా మారదు. టీజీఎన్ 300 ఉన్నవాళ్లకి అది సరిపోతుంది, 148కి సరిపోదు. ఇక్కడ అల్లోప్యూరినాల్ (గౌట్ మందు, అజాథయోప్రిన్‌ని మళ్లీ టీజీఎన్ వైపు తిప్పుతుంది) 100 మి.గ్రా. కలిపి, అజాథయోప్రిన్‌ని ఇప్పుడున్న దానిలో నాలుగో వంతు నుంచి మూడో వంతుకి తగ్గించడమే దారి. 125 మీద లెక్కేస్తే 31–42 వస్తుంది. నేనైతే 25తో మొదలుపెట్టి, లెవెల్ చూసి పెంచుతాను.

ప్రమాదమంతా ఈ తగ్గింపు దగ్గరే. పాత 50 మి.గ్రా. స్ట్రిప్‌లు ఇంట్లో ఉంటాయి, కొత్త చీటీలో అల్లోప్యూరినాల్ ఒక్కటే కంటికి కనిపిస్తుంది. పూర్తి డోసు మీద అది పడితే ఎముక మజ్జ అణిగి రక్తకణాలు పడిపోతాయి. రెండు మందులూ ఒకే చీటీ మీద, ఒకే వరుసలో రాయండి; మిగిలిన స్ట్రిప్‌లు తెప్పించి తీసేయండి. ఇంకో డాక్టరు దాన్ని గౌట్ మందనుకుని ఆపినా ఇబ్బందే, అప్పుడు 25 మి.గ్రా. దేనికీ చాలదు. మొదలుపెట్టే ముందు క్రియాటినిన్ చూడండి. ఒంటి మీద దద్దుర్లు వస్తే ఆ రోజే ఆపి రమ్మనండి.

సీబీపీ, ఎల్‌ఎఫ్‌టీ (రక్తకణాల, కాలేయ పరీక్షలు) మొదటి నెల వారం వారం, తర్వాత రెండు నెలలు పదిహేను రోజులకోసారి. మెటబొలైట్లు నాలుగు వారాలకి. అంతకు ముందు పంపితే స్థిరపడని అంకె వస్తుంది, డబ్బు దండగ.

ల్యాబ్_బయోకెమ్:
ఒక మాట. టీజీఎన్ కొలిచే పద్ధతులు ఒకటి కాదు. డెర్వియో–బూలియో పద్ధతి, లెన్నార్డ్ పద్ధతి కంటే సుమారు 2.6 రెట్లు ఎక్కువ చూపిస్తుంది, 235–450 దానికి వర్తించదు. రిపోర్టు కింద పద్ధతి పేరు, రిఫరెన్స్ రేంజి చూసుకోండి, రెండోసారి కూడా అదే ల్యాబ్‌కి పంపండి. శాంపిల్ ఈడీటీఏ ట్యూబులో, చల్లగా పంపాలి. హోల్ బ్లడ్‌ని ఫ్రీజ్ చేస్తే కణాలు పగిలి లెక్క తప్పుతుంది. ఈమధ్య రక్తం ఎక్కించి ఉంటే ఆ సంగతి ఫారంలో రాయండి: దాత కణాలు టీపీఎంటీ ఎంజైమ్ పరీక్షనీ, మెటబొలైట్లనీ రెండిటినీ పాడుచేస్తాయి. కొలైటిస్‌లో ఇది తరచూ జరిగేదే.

గ్యాస్ట్రో_పీజీ:
రక్తం ఎక్కించలేదు మేడమ్, పద్ధతి కనుక్కుంటాను. ఎన్‌యూడీటీ15 జన్యు పరీక్ష (ఈ మందు రక్తకణాలకి ఎంత ముప్పో చెప్పేది) చేయించలేదు. మూడు నెలలు కణాలు బాగానే ఉన్నాయి కాబట్టి అక్కర్లేదనుకోవచ్చా?

ఐబీడీ_క్లినిక్:
అనుకోకూడదు. ఆ జన్యువు రెండు కాపీలూ దెబ్బతిన్నవాళ్లు మామూలుగా తొలి వారాల్లోనే జుట్టు రాలి, కణాలు పడిపోయి బయటపడతారు, కాబట్టి ఆ రకం ఇక్కడ ఉండకపోవచ్చు. ఒక్క కాపీ సంగతి వేరు. ఇప్పటిదాకా ఇతని టీజీఎన్ 148 దాటలేదు, అంటే మజ్జకి అసలు పరీక్షే ఎదురవలేదు. పైగా స్టెరాయిడ్ మీద తెల్లకణాలు పెరుగుతాయి, ఆ 7,200ని నమ్మకండి. మనవాళ్లలో టీపీఎంటీ లోపం కంటే ఎన్‌యూడీటీ15లో ఆర్139సి మార్పే ఎక్కువ కనిపిస్తుంది. ఆ మార్పు ఉంటే ఎర్రకణాల్లో టీజీఎన్ మామూలుగానే ఉండి, తెల్లకణాల డీఎన్ఏలోకి మాత్రం మందు ఎక్కువగా చేరుతుంది. మీ మెటబొలైట్ రిపోర్టు దాన్ని పట్టుకోలేదు. జన్యు పరీక్ష జీవితంలో ఒక్కసారే, రక్తం ఎక్కించినా పెద్దగా తేడా రాదు. అల్లోప్యూరినాల్ కలిపే ముందే పంపండి. ఒక కాపీ మార్పు తేలితే 25 కూడా రోజు విడిచి రోజు ఇచ్చి చూడాలి, తెల్లకణాలు 4,000 కిందికి జారుతుంటే రెండు మందులూ ఆపాలి.