అమెరికాలో 15వ సవరణ 1870లోనే వచ్చింది కదా, 1965లో మళ్ళీ ఓటు హక్కుల చట్టం ఎందుకు చేయాల్సి వచ్చింది?

మునేరు (ప్రశ్న):
అమెరికా ఓటు హక్కు సవరణల గురించి పోటీ పరీక్షల పుస్తకాల్లో నాలుగు ముక్కలే ఉంటాయి. 15వది జాతి, 19వది స్త్రీలు, 24వది ఓటు పన్ను, 26వది 18 ఏళ్ళు. సంవత్సరాలు బట్టీ పడితే మార్కులు వస్తాయి గానీ అసలు సంగతి అర్థం కావడం లేదు. జాతి కారణంగా ఓటు కాదనకూడదని 1870లోనే రాజ్యాంగంలో రాశాక, దక్షిణాది రాష్ట్రాలు మరో 95 ఏళ్ళు ఎలా కాదనగలిగాయి? ఓటు పన్ను తీసేయడానికి రాజ్యాంగ సవరణ కావాల్సి వస్తే, అక్షరాస్యత పరీక్ష మామూలు చట్టంతో ఎలా పోయింది? మన 61వ సవరణ, వాళ్ళ 26వ సవరణ ఒకటేనా?

గుమ్మం:
మునేరు గారూ, ముందు ఆ సవరణల వాక్యం ఎలా ఉందో చూడండి. జాతి, రంగు, మునుపటి బానిసత్వం కారణంగా పౌరుల ఓటు హక్కును కేంద్రం గానీ ఏ రాష్ట్రం గానీ నిరాకరించరాదు, కుదించరాదు. 15వ సవరణ అన్నది ఇంతే. 'ప్రతి పౌరుడికీ ఓటు ఉంటుంది' అని అందులో లేదు. మన 326వ అధికరణ దీనికి పూర్తిగా వేరు. నిర్ణీత వయసు వచ్చిన ప్రతి పౌరుడూ ఓటరుగా నమోదు కావడానికి అర్హుడే అని ముందే చెప్పేసి, కాదనడానికి ఏయే కారణాలు పనికొస్తాయో తర్వాత రాసింది. అమెరికాలో ఓటరు అర్హతలు నిర్ణయించేది మొదటి నుంచీ రాష్ట్రాలే. సవరణలు వాటికి 'ఈ ఒక్క కారణం చెప్పొద్దు' అన్నాయి. మిగతా కారణాలన్నీ వాటి చేతిలోనే ఉండిపోయాయి. మీ మొదటి ప్రశ్నకు జవాబు ఇదే.

మిసిసిపీ 1890 రాజ్యాంగం చూస్తే ఇది ఎలా పనిచేసిందో తెలుస్తుంది. ఏటా 2 డాలర్ల ఓటు పన్ను. ఎన్నిక జరిగే సంవత్సరం ఫిబ్రవరి 1 లోపు గడిచిన రెండేళ్ళ పన్నులన్నీ కట్టి ఉండాలి. రాష్ట్రంలో రెండేళ్ళ నివాసం ఉండాలి. ఊళ్ళు మారుతూ కౌలుకు చేసే పేదలు ఇక్కడే రాలిపోయేవారు. వీటికి తోడు రాష్ట్ర రాజ్యాంగంలో ఏదైనా ఒక సెక్షన్ చదవగలగాలి, లేదా చదివి వినిపిస్తే అర్థం చెప్పగలగాలి. ఏ సెక్షన్ ఇవ్వాలో, చెప్పిన అర్థం సరైనదో కాదో తేల్చేది నమోదు అధికారి ఒక్కడే. తెల్లవాడికి ఒక్క వాక్యం, నల్లవాడికి చిక్కుముడి లాంటి పేరా ఇచ్చినా అడిగేవాడు లేడు. ఇన్ని నిబంధనల్లో ఎక్కడా 'జాతి' అన్న మాట లేదు. అందుకే 1898లో విలియమ్స్ కేసులో సుప్రీంకోర్టు వీటిని తప్పుపట్టలేదు. ఫలితం లూసియానా ఓటర్ల జాబితాలో చూడొచ్చు. 1896లో అక్కడ నల్లజాతి ఓటర్లు 1,30,000 పైచిలుకు. 1898లో కొత్త రాష్ట్ర రాజ్యాంగం వచ్చింది. 1904 నాటికి వాళ్ళు 1,342 మంది.

సీలేరు:
గుమ్మం గారు చెప్పినదానికి ఓక్లహోమా కథ కూడా కలపాలి. ఒక దారి మూస్తే ఇంకోటి ఎంత త్వరగా తెరుస్తారో అక్కడ తెలుస్తుంది. 1866 జనవరి 1 నాటికి ఓటు ఉన్నవాళ్ళకూ, వాళ్ళ వారసులకూ అక్షరాస్యత పరీక్ష అక్కర్లేదని ఆ రాష్ట్రం రాసుకుంది. 'తాత నిబంధన' అంటే ఇదే. ఆ తేదీకి నల్లవాళ్ళలో దాదాపు ఎవరి తాతకూ ఓటు లేదు. 1915లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మరుసటి ఏడే ఇంకో చట్టం చేశారు. 1914లో ఓటేసినవాళ్ళంతా జాబితాలో ఉన్నట్టే. మిగిలినవాళ్ళు 1916 ఏప్రిల్ 30 నుంచి మే 11 మధ్య నమోదు చేసుకోవాలి. ఆ 12 రోజులు దాటితే జీవితాంతం ఓటు లేదు. దీన్ని కొట్టేయడానికి 1939 దాకా పట్టింది. కేసు గెలిచేసరికి ఒక తరం గడిచిపోయింది. ఒక్కో నిబంధనను ఒక్కో మనిషి కోర్టుకెక్కి కొట్టించుకోవాల్సి రావడమే ఈ పద్ధతిలోని అసలు లోపం.

ఓటు పన్ను సంగతికొస్తే, 1937లో జార్జియా కేసులో సుప్రీంకోర్టు ఆ పన్ను చెల్లుతుందని తీర్పిచ్చింది. 1940లలో ప్రతినిధుల సభ రద్దు బిల్లులు పంపడం, సెనేట్‌లో దక్షిణాది సభ్యులు ఆపకుండా ప్రసంగాలు చేసి వాటిని చంపేయడం మామూలైపోయింది. అందుకే సవరణ దారి పట్టారు. 24వ సవరణ 1964 జనవరిలో అమల్లోకి వచ్చేనాటికి పన్ను ఐదు రాష్ట్రాల్లోనే మిగిలింది: అలబామా, ఆర్కన్సా, మిసిసిపీ, టెక్సస్, వర్జీనియా. పరీక్షల్లో చాలామంది తప్పు రాసేది ఇక్కడే. ఆ సవరణ అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, కాంగ్రెస్ ఎన్నికలకే వర్తిస్తుంది. వర్జీనియా వెంటనే 'పన్ను కట్టండి, లేదా ఎన్నికకు ఆరు నెలల ముందే నివాస ధ్రువపత్రం ఇవ్వండి' అంది. కోర్టు 1965లో దాన్ని కొట్టేసింది. రాష్ట్ర ఎన్నికల్లో వసూలు చేసే 1.50 డాలర్ల పన్ను 1966లో హార్పర్ కేసుతో పోయింది. అదీ 24వ సవరణ వల్ల కాదు, 14వ సవరణలోని సమాన రక్షణ వల్ల.

మునేరు:
ధన్యవాదాలండీ. మరి అక్షరాస్యత పరీక్ష?

గుమ్మం:
15వ సవరణకు రెండో సెక్షన్ ఉంది. దీన్ని అమలు చేయడానికి కాంగ్రెస్ తగిన చట్టాలు చేయవచ్చని అది చెబుతుంది. 1965 ఆగస్టు 6న సంతకమైన ఓటు హక్కుల చట్టానికి ఆధారం ఆ వాక్యమే. 1964 నవంబరులో ఇలాంటి పరీక్ష పెట్టి, ఓటరు నమోదు గానీ పోలింగ్ గానీ 50 శాతం దాటని ప్రాంతాల్లో పరీక్షలు నిలిపేశారు. అక్కడ ఎన్నికల నిబంధన ఏది మార్చాలన్నా ముందు కేంద్రం అనుమతి తీసుకోవాలన్నారు. అంటే కోర్టుకెళ్ళే భారం ఓటరు మీద నుంచి రాష్ట్రం మీదికి మారింది. సీలేరు గారు చెప్పిన లోపానికి మందు సరిగ్గా ఇదే. మిసిసిపీలో నల్లజాతివారి నమోదు సుమారు 7 శాతం నుంచి 1967కల్లా 60 శాతం దగ్గరికి చేరింది. పరీక్షల మీద నిషేధం 1970లో దేశమంతటికీ విస్తరించి, 1975లో శాశ్వతమైంది. ఏ ప్రాంతాలకు ముందస్తు అనుమతి కావాలో తేల్చే సూత్రాన్ని 2013లో షెల్బీ కౌంటీ కేసులో సుప్రీంకోర్టు చెల్లదంది. దాంతో ఆ అనుమతి పద్ధతి ఆగిపోయింది. చట్టంతో వచ్చినదానికీ సవరణతో వచ్చినదానికీ తేడా ఇక్కడ చూడండి. సవరణను కొట్టేసే వీలు కోర్టుకు లేదు.

పాలకంకి:
26వ సవరణ గురించి నేను చెబుతాను. 1970లో కాంగ్రెస్ ఓటు వయసును మామూలు చట్టంతోనే 18కి దించింది. ఆ డిసెంబరులో ఆరిగన్ కేసులో సుప్రీంకోర్టు 5–4 తేడాతో 'కేంద్ర ఎన్నికలకు సరే, రాష్ట్ర ఎన్నికలకు చెల్లదు' అంది. ఇక చాలా రాష్ట్రాలు ఒకే పోలింగ్ రోజున రెండు జాబితాలు నడపాలి. 18 ఏళ్ళ కుర్రాడికి అధ్యక్షుడి బ్యాలెట్ ఇచ్చి, గవర్నర్ బ్యాలెట్ ఆపాలి. ఆ ఖర్చూ తలనొప్పీ చూసి రాష్ట్రాలే తొందరపడ్డాయి. 1971 మార్చి 23న కాంగ్రెస్ పంపితే, జులై 1కల్లా 38 రాష్ట్రాలు ఆమోదించాయి. సరిగ్గా 100 రోజులు. వియత్నాం యుద్ధానికి 18 ఏళ్ళకే పంపుతూ ఓటుకు 21 దాకా ఆగమనడం మీద ఉన్న కోపం కూడా తోడైంది. మన 61వ సవరణ 326వ అధికరణలో 21ని 18 చేసింది, 1989 మార్చి 28 నుంచి అమలు. ఫలితం ఒకటే, రాత వేరు. వాళ్ళది ఇక్కడా 'వయసు కారణంగా నిరాకరించరాదు' అనే.

19వ సవరణను ఎవరూ ముట్టుకోలేదు, ఒక్క మాట. 1875లో మైనర్ కేసులో సుప్రీంకోర్టు స్త్రీలు పౌరులేనని ఒప్పుకుంటూనే, పౌరసత్వం ఉన్నంత మాత్రాన ఓటు రాదంది. అందుకే సవరణ తప్పలేదు. 1920 ఆగస్టు 18న టెనెసీ ఆమోదంతో 48లో 36 రాష్ట్రాలు పూర్తయ్యాయి. కానీ దక్షిణాది నల్లజాతి స్త్రీలకు అదే ఓటు పన్ను, అదే పరీక్ష ఎదురయ్యాయి. మన దేశంలో పుట్టినవాళ్ళకైతే, భారతీయులు 'తెల్లవాళ్ళు' కారన్న 1923 థింద్ తీర్పుతో అమెరికా పౌరసత్వమే అందకుండా పోయింది. ఆ అడ్డు తీసేసిన 1946 చట్టం వచ్చేదాకా అంతే.

సీలేరు:
అక్కడున్న మనవాళ్ళకు పనికొచ్చే మాట ఒకటి. ఈ నాలుగు సవరణల్లోనూ ఉన్నది 'పౌరుల' ఓటు హక్కు. గ్రీన్ కార్డు ఉంటే చాలదు. డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసులో ఇచ్చే ఫారంలోనే ఓటరు నమోదు ప్రశ్న ఉంటుంది. అక్కడ పౌరుడినని పొరపాటున టిక్ పెట్టినా తర్వాత పౌరసత్వ దరఖాస్తు చిక్కుల్లో పడవచ్చు, దేశం నుంచి పంపేసే ప్రమాదమూ ఉంది. ఫారం చదవకుండా సంతకం చేయొద్దు. ప్రమాణం చేసి పౌరులయ్యాక నమోదు చేసుకోండి. గడువు ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటుంది, కేంద్ర ఎన్నికలకు మాత్రం పోలింగ్‌కు 30 రోజులకు మించి ముందు పెట్టకూడదు. నార్త్ డకోటాలో నమోదే అక్కర్లేదు.